'పాస్డ్ అవుట్' వెనక ఇంత కథ ఉందా? ఫ్రేజల్ వెర్బ్స్ చరిత్ర

మనవాళ్ల రెజ్యూమెల్లో తరచూ కనిపించే లైన్: 'ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2022'. మన లెక్కలో డిగ్రీ అయిపోయిందని. అమెరికాలో కూర్చున్న హెచ్‌ఆర్ మాత్రం 'స్పృహ తప్పి పడిపోయాను' అని చదువుకుంటారు. అలాగని ఇది మనం పుట్టించిన మాట కాదు. బ్రిటిష్ మిలటరీలో ట్రైనింగ్ ముగిస్తే జరిగేది 'పాసింగ్ అవుట్ పరేడ్'. మన పోలీసు, ఆర్మీ వార్తల్లో ఇప్పటికీ వింటుంటాం. రెజ్యూమెలో మాత్రం 'గ్రాడ్యుయేటెడ్' అని రాస్తే గొడవే లేదు.

క్రియ పక్కన అప్, అవుట్, ఆఫ్ లాంటి చిన్న మాట చేరి అర్థమే మారిపోతే అది ఫ్రేజల్ వెర్బ్. మనకి 'చేయి' తెలుసు, 'ఇవ్వడం' తెలుసు. కానీ 'వాడు చేయిచ్చాడు' అంటే కథ వేరు కదా!

ఇవి నిన్నమొన్నటివి కావు. 12వ శతాబ్దపు పీటర్‌బరో క్రానికల్‌లో ఒక ముచ్చట ఉంది. స్టీఫెన్ రాజు బిషప్పుల్ని ఖైదు చేసి, కోటలు అప్పగించేదాకా వదల్లేదు. ఆ 'అప్పగించడం' దగ్గర వాడింది 'గివ్ అప్' పాత రూపమే.

అప్పటికే ఇంగ్లండ్ నార్మన్ల చేతిలో ఉంది. 1066లో వాళ్లు గెలిచాక దర్బారులో ఫ్రెంచ్ నడిచింది, చదువుల్లో లాటిన్ ఎలాగూ ఉంది. అలా 'గివ్ అప్' పక్కకి ఫ్రెంచ్ నుంచి 'సరెండర్', 'పుట్ ఆఫ్' పక్కకి లాటిన్ నుంచి 'పోస్ట్‌పోన్' వచ్చి చేరాయి. ఒకటి ఇంటి మాట, ఇంకోటి ఆఫీసు మాట అనిపించడానికి కారణం ఈ చరిత్రే.

1755లో డిక్షనరీ వేసిన శామ్యూల్ జాన్సన్ తన ముందుమాటలోనే ఒప్పుకున్నాడు, ఇవి విదేశీయులకి చాలా కష్టమని. సో, తికమక పడేది మనమొక్కళ్లమే కాదు. ఇక 'ఫ్రేజల్ వెర్బ్' అనే పేరు 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ పుస్తకంలో వచ్చింది. ఆ పేరు సూచించింది ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ ఎడిటర్ హెన్రీ బ్రాడ్లీ.

మరి రాసేటప్పుడు ఏం చూసుకోవాలి? ఫ్రెండ్‌కి మెసేజ్ అయితే 'పుట్ ఆఫ్', క్లయింట్‌కి ఫార్మల్ మెయిల్ అయితే 'పోస్ట్‌పోన్'. 'ఇట్' వస్తే మధ్యలోనే పెట్టాలి: 'పుట్ ఇట్ ఆఫ్' కరెక్ట్, 'పుట్ ఆఫ్ ఇట్' తప్పు. అలాగని అన్నిటికీ ఇదే రూల్ కాదు, 'లుక్ ఆఫ్టర్ ఇట్' విడిపోదు. ఇంకోటి, లేని చిన్న మాట తగిలించొద్దు: 'కోప్ అప్ విత్' కాదు, 'కోప్ విత్' చాలు.

లిస్టు బట్టీ పట్టక్కర్లేదు. కొత్తది కనిపిస్తే మొత్తం వాక్యంతో సహా నోట్ చేసుకోండి. ఎందుకంటే ఇక్కడ రెండు అక్షరాల 'అప్' కూడా అర్థాన్ని తిప్పేస్తుంది. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!