మానసిక వైద్యశాలల సెన్సరీ గదుల్లో కళ

ఆందోళనతోనో ఉద్రేకంతోనో ఉన్న రోగి తనంతట తాను వెళ్లి కుదుటపడేందుకు మానసిక వార్డులో ఏర్పాటు చేసే గదిని సెన్సరీ గది అంటారు. రంగులు మారే దీపాలు, ఊగే కుర్చీ, బరువైన దుప్పటి, తక్కువ స్థాయిలో సంగీతం ఇందులోని మామూలు సామగ్రి. గోడమీది చిత్రం, నేతపని, చేత్తో తడమగల శిల్పం కూడా ఇక్కడ అలంకారం కోసం కాదు, చూపునూ చేతినీ ఒకచోట నిలపడానికి.

ఇలాంటి గదులు ముందుగా పేరు తెచ్చుకున్నది నెదర్లాండ్స్‌లో. 1970లలో ఎడె పట్టణంలోని హార్టెన్‌బర్గ్ సంస్థలో యాన్ హుల్సెహె, ఆడ్ వెర్‌హ్యూల్ మేధో వైకల్యం ఉన్నవారి కోసం ‘స్నూజెలెన్’ గదులను రూపొందించారు. మానసిక వార్డుల్లో వీటి అవసరం మరో దారిన వచ్చింది. అమెరికాలో పదేళ్ల కాలంలో రోగులను కట్టివేయడం, ఒంటరిగా నిర్బంధించడం వల్ల సంభవించిన 142 మరణాలను 1998లో ‘హార్ట్‌ఫర్డ్ కూరంట్’ పత్రిక బయటపెట్టింది. దాంతో వేరే మార్గాల కోసం వెతుకులాట ఊపందుకుంది. మసాచుసెట్స్‌కు చెందిన ఆక్యుపేషనల్ థెరపిస్టు టీనా షాంపేన్ సెన్సరీ గదుల పద్ధతిని వార్డుల్లోకి తెచ్చినవారిలో ముఖ్యురాలు.

ఏ బొమ్మ పెట్టాలన్నదే అసలు చిక్కు. పరిశోధకురాలు ఉపాలీ నందా బృందం 2011లో ప్రచురించిన అధ్యయనంలో అమెరికాలోని ఒక మానసిక వార్డు గోడమీద ప్రకృతి దృశ్యం ఫొటో, వాన్ గో ‘ద ఫీల్డ్స్’, జాక్సన్ పొలాక్ నైరూప్య చిత్రం ‘కన్వర్జెన్స్’ ప్రతులను వంతులవారీగా ఉంచారు. కొన్నాళ్లు గోడను ఖాళీగా వదిలారు. ఫొటో ఉన్న రోజుల్లో ఆందోళనకు అప్పటికప్పుడు ఇచ్చే మందుల వాడకం, పొలాక్ చిత్రం ఉన్న రోజులకన్నా, ఖాళీ గోడ రోజులకన్నా తక్కువగా తేలింది. ఒక్క వార్డు ఫలితాన్ని పట్టుకుని అన్నిచోట్లా కొండలూ చెట్లే అంటించడం తొందరపాటు. టిమ్ ఎ. షా, నీవ్ వైట్ 2016లో బ్రిటన్‌లో స్థాపించిన ‘హాస్పిటల్ రూమ్స్’ సంస్థ కళాకారులను రోగుల దగ్గరికి తీసుకెళ్లి, వారితో కలిసి పనిచేయించాకే గోడలకు రంగు వేయిస్తుంది. ఆ గదిలో గడపాల్సినవారిని అడగడంకన్నా మంచి కొలబద్ద లేదు.

భద్రత మాత్రం బేరానికి లొంగదు. చిత్రానికి గాజు బదులు పగలని ప్లాస్టిక్ పలక వాడతారు. కొక్కేలు, తీగలు ఉండవు. వేలు దూరేంత సందు కూడా లేకుండా ఫ్రేమును నాలుగు వైపులా గోడకు బిగిస్తారు. సూటిగా చూస్తున్నట్టుండే ముఖాలు అనుమాన భ్రమలున్నవారిని బెదరగొట్టవచ్చు కాబట్టి వాటిని సాధారణంగా దూరం పెడతారు.

ఈ గదుల్లో గడిపాక మనసు నెమ్మదించిందని చెప్పే రోగులు చాలామంది. నిర్బంధాల సంఖ్య తగ్గిందా అన్నదానిపై ఫలితాలు ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి. భారతదేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 97వ సెక్షన్ ఒంటరి నిర్బంధాన్ని నిషేధించింది. తక్షణ హానిని ఆపడానికి మరో దారి లేనప్పుడే కట్టివేతను అనుమతించింది. ఎంత అందమైన సెన్సరీ గది అయినా, రోగిని బలవంతంగా లోపలికి పంపి తలుపు వేస్తే అది నిర్బంధమే.