కోడికూర చరిత్ర: భయపడవలసినది దేనికి?

ఆదివారం మధ్యాహ్నం మన ఇళ్లలో ఉడికే కోడికూర తాతముత్తాతల కాలం నుండి ఇలాగే ఉన్నదని చాలామంది తలుస్తారు. నిజానికి ఆ గిన్నెలోని కోడి మారింది, పులుసూ మారింది. ఆ మార్పులు తెలిస్తే, ఆ కూర విషయంలో దేనికి భయపడాలో, దేనికి అక్కరలేదో కూడ తెలుస్తుంది.

మన పెరటికోడికి మూలం ఆగ్నేయాసియా అడవులలోని ఎర్ర అడవికోడి. థాయ్‌లాండ్‌లోని బాన్ నాన్ వాట్ అనే చోట సుమారు 3,500 ఏళ్ల నాటి పెంపుడుకోళ్ల ఎముకలు లభించాయి. వరి, చిరుధాన్యాల గింజలకు ఆశపడి పల్లెలను చేరిన పక్షులే క్రమంగా మచ్చికయ్యాయని పరిశోధకుల భావన. కోడిని మనిషి తిండికి మాత్రమే పెంచలేదు, పందేనికీ పెంచాడు. పల్నాటి వీరుల కథలో బ్రహ్మనాయుడికీ నాగమ్మకూ మధ్య జరిగిన కోడిపందెం మీకు తెలిసినదే.

ఇక పులుసు సంగతి. శ్రీనాథుడు జీవించిన 15వ శతాబ్దిలో తెలుగునాట ఏ ఇంటా మిరపకాయ లేదు. అమెరికా ఖండాలలో పుట్టిన మిరపను పోర్చుగీసువారు 16వ శతాబ్దిలో భారతదేశపు పడమటి తీరానికి తెచ్చారు. అంతకు పూర్వం కారానికి మిరియాలు, పిప్పళ్లు, అల్లమే ఆధారం. టమాటా కూడ అమెరికా నుండి వచ్చినదే. ధనియాలు, గసగసాలు, కొబ్బరి ప్రాంతాన్ని బట్టి పులుసుకు చిక్కదనాన్ని ఇచ్చాయి. రాయలసీమలో రాగిసంకటి, మరికొన్ని చోట్ల గారెలు నాటుకోడి పులుసుకు జత అయ్యాయి.

ఆ రోజులలో కోడి అరుదైన భోజనం. నాటుకోడి కూరకు తగినంత ఎదగడానికి అయిదారు నెలలు పట్టేది. అందుచేత పండుగకో, అల్లుడు వచ్చినప్పుడో, బాలింత బలం పుంజుకోవడానికో మాత్రమే కోసేవారు. ఒక్క కోడిని ఇంటిల్లిపాదీ పంచుకొనేవారు. ఒక్కొక్కరికి దక్కేది రెండు మూడు ముక్కలు, మిగిలినదంతా పులుసే.

ఈ స్థితిని మార్చింది బ్రాయిలర్. 1948లో అమెరికాలో 'రేపటి కోడి' పేరిట జాతీయ పోటీ జరిగింది. త్వరగా ఎదిగి, ఎదపై ఎక్కువ మాంసం పట్టే కోళ్లను ఎంపిక చేయడం దాని ఉద్దేశం. మన దేశంలో 1971లో డాక్టర్ బి.వి. రావు అనే తెలుగువారు పూణెలో వెంకటేశ్వర హేచరీస్ స్థాపించడంతో కోళ్ల పరిశ్రమ విస్తరించింది. నేడు బ్రాయిలర్ సుమారు ఆరు వారాలలోనే రెండు కిలోల బరువు తూగుతుంది.

ఇంత వేగం ఎలా సాధ్యం? హార్మోను సూదులు వేస్తారని మీరు వినే ఉంటారు. అది అపోహ. కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంలో 1957 నాటి రకం కోళ్లను, 2005 నాటి రకం కోళ్లను ఒకే మేతతో పెంచి చూశారు. 56వ రోజున పాత రకం సుమారు 900 గ్రాములు, కొత్త రకం సుమారు 4,200 గ్రాములు తూగాయి. ఆ తేడా తరతరాల ఎంపిక వల్ల వచ్చినది.

అసలు ఆందోళన వేరొకటి ఉంది. క్లోర్‌టెట్రాసైక్లిన్ తయారీలో మిగిలిన పిప్పిని మేతలో కలిపితే కోడిపిల్లలు త్వరగా పెరుగుతాయని 1940ల చివర అమెరికాలో గమనించారు. నాటి నుండి రోగం లేని కోళ్లకు కూడ యాంటీబయాటిక్‌లు తినిపించడం వాడుక అయింది. ఫలితంగా మందులకు లొంగని సూక్ష్మజీవులు పెరిగాయి. ఐరోపా సమాఖ్య 2006లో ఎదుగుదల కోసం వీటిని వాడడాన్ని నిషేధించింది. మరే మందూ పనిచేయని రోగికి మేము చివరి ఆశగా ఇచ్చే కొలిస్టిన్‌ను ఆహార జంతువులకు, కోళ్లకు వాడరాదని భారత ప్రభుత్వం 2019లో ఆదేశించింది. మేతలో వృథా చేసిన మందు రేపు ఆసుపత్రిలో మన బిడ్డకు పనికిరాకపోవచ్చు.

మరి మీ వంటింట్లో చేయగలిగినదేమిటి? బాగా ఉడికిన కూరలో ఆ సూక్ష్మజీవులు బ్రతకవు. ముప్పు పచ్చిమాంసం తాకిన చేతులతో, కత్తితో, పలకతో వస్తుంది. పచ్చిమాంసాన్ని ధారగా నీరు పోసి కడిగితే తుంపరలు చుట్టుప్రక్కల పాత్రలపై పడతాయి. కడగక తప్పదనుకొంటే గిన్నెలోని నీటిలో మెల్లగా కడిగి, తరువాత తొట్టిని, చేతులను సబ్బుతో శుభ్రపరచుకోండి. అదే కత్తితో ఉల్లిపాయలు, కొత్తిమీర తరగవద్దు. ముక్క ఎముక దగ్గర గులాబీరంగు పోయేవరకు ఉడికించండి. మిగిలిన కూరను రెండు గంటలలోపు ఫ్రిజ్‌లో ఉంచి, మళ్లీ తినేటప్పుడు మరిగించండి.

తోలు తీసిన కోడిమాంసం మంచి మాంసకృత్తులనిచ్చే ఆహారం. ఇంటి కూరకు ఉల్లి, అల్లం, వెల్లుల్లి, పసుపు, ధనియాలతో పాటు అరకిలోకు రెండు మూడు చెంచాల నూనె చాలు. రక్తపోటు ఉన్నవారు పులుసులోని ఉప్పును మరువరాదు. మన పెద్దలు పేదరికం వల్ల రెండు మూడు ముక్కలతో సరిపెట్టుకొన్నారు. మనం ఆరోగ్యం కోసం, తెలిసి, ఆ కొలతనే పాటించవచ్చు.