నీళ్లు తక్కువ, ఆయకట్టు ఎక్కువ

కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఒకటుంది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు అక్కడ చెరువు కట్టించాడు. ఆ పనికి రెండేళ్ల పాటు వెయ్యిమంది కూలీలు, వంద బళ్లు పట్టాయని రాతి మీద చెక్కించాడు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా అందులో ఉన్నాయి. నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం ఆ దోషాల్లో ఒకటి. ఆరున్నర శతాబ్దాలుగా మన మెట్టసీమల కష్టమంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతోంది.

ఆ దోషం తలెత్తకుండా ఏటా కాపు కాసినవాడు నీరుగంటి. తెలంగాణలో నీరటి అంటారు. చెరువు ఎంత మేర నిండిందో చూసి ఏ తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంత పారించాలో అతనే చూసుకునేవాడు. నీళ్లు చాలని ఏడు ఎంతవరకు నాటుకోవాలో ఊరి పెద్దలు ముందే తేల్చేవారు. కట్ట మరమ్మతులకు దశబంధం మాన్యాలుండేవి. ఈ ఏర్పాటును తలుచుకుని మురిసిపోయేవారు ఒక సంగతి మరిచిపోకూడదు. నీళ్లు పారించిన నీరుగంట్లలో చాలామంది దళితులు. లెక్క తెలిసింది వాళ్లకి, పొలాలు మాత్రం వేరేవాళ్లవి. తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన ఆ తెలివి ఊరందరి తెలివి కాలేదు. ఆ కొలువు పోగానే లెక్క కూడా పోయింది.

చెరువులకు, కాలువలకు ఊరివాళ్లే చాకిరీ చేసి మరమ్మతు చేసుకునే కుడిమరామత్తును 1858లో మద్రాసు ప్రభుత్వం చట్టంతో బిగించాలని చూసింది. 1997లో ఆంధ్రప్రదేశ్ సాగునీటి వ్యవస్థల నిర్వహణను రైతులకు అప్పగిస్తూ చట్టం తెచ్చి, పదివేలకు పైగా నీటి సంఘాలకు ఎన్నికలు జరిపింది. అది నిజంగా పెద్ద అడుగు. కానీ సంఘాల చేతికి ఎక్కువగా వచ్చింది కాలువ మరమ్మతు పనులే. తన తూముకు ఎన్ని నీళ్లు రావాలో, ఎన్ని వచ్చాయో కొలుచుకునే సాధనం చివరి భూముల రైతుకు అందలేదు.

ఆ సాధనం అందింది బోర్ల కింద. 2003లో నెదర్లాండ్స్ సాయంతో, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ అండతో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో రైతులే భూగర్భ జలాన్ని చూసుకునే పథకం మొదలైంది. ఆరువందలకు పైగా ఊళ్లు అందులో చేరాయి. అది కొత్త బోరు ఇవ్వలేదు, మోటారు ఇవ్వలేదు, పంటల మీద ఆంక్ష పెట్టలేదు. వాన కొలిచే గేజి, బోరులో నీటిమట్టం చూసే టేపు, లెక్క నేర్పే నీటి బడి మాత్రం ఇచ్చింది. కొలిచిన అంకెలను ఊరి గోడమీద అందరికీ కనబడేలా రాశారు.

ఆ లెక్క ఎలా ఉంటుందో చూడండి. మోటారు వేసి వంద లీటర్ల డ్రమ్ము పైపు కింద పెడతారు. నిండటానికి పాతిక సెకన్లు పట్టిందనుకుందాం. అంటే గంటకు 14,400 లీటర్లు. రోజుకు ఏడు గంటలు కరెంటు ఉందనుకుంటే దాదాపు లక్ష లీటర్లు. రబీ వరికి ఎకరాకు సుమారు 48 లక్షల లీటర్లు కావాలి, వేరుశనగకు 20 లక్షలు చాలు. నూట ఇరవై రోజులు మోటారు ఆగకుండా నడిచినా ఆ బోరు కింద పండేది రెండున్నర ఎకరాల వరి, లేదా ఆరెకరాల వేరుశనగ. ఈ లెక్క ఒకసారి తన చేత్తో వేసుకున్న రైతు చెవిలో ఆ డ్రమ్ము చప్పుడు పోదు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, పడిన వాన నుంచి ఇంకిన నీరు ఎంత, వేయదలచిన పంటలకు కావాల్సింది ఎంత అని బేరీజు వేసుకుని నీటి బడ్జెట్ కూర్చేవారు. ఎకరాలు ఎక్కువైతే ఎవరినీ ఎవరూ ఆపలేదు. లోటు ఎంతో అందరికీ తెలిసింది, అంతే. అదే సమయంలో, 2004లో, వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. మీట నొక్కితే పైసా ఖర్చు లేని రోజుల్లో ఆరుతడి పంట వైపు మొగ్గడం ఎంత కష్టమో సేద్యం చేసేవాళ్లకు తెలుసు.

మరి నేర్చుకున్నదేమిటి? ప్రపంచ బ్యాంకు 2010 నివేదిక ఈ పథకాన్ని మెచ్చుకుంది. రైతులు వాడకం తగ్గించింది ఊరి కోసం త్యాగంగా కాదు, తమ పంట నడిమధ్యలో ఎండిపోకూడదనే అని గుర్తించింది. తర్వాత వెళ్లిన పరిశోధకులు అంత సంబరపడలేదు. పథకం సిబ్బంది వెళ్లిపోయాక నీటి బడ్జెట్ కూర్పు చాలాచోట్ల సడలిందన్నారు. ఈ రెండు మాటలకూ పొత్తు కుదరదని నేననుకోను. ఒక్కడు నేర్చుకున్నది అతని చేనులో నిలిచింది. పదిమంది కూడి చేయాల్సింది మాత్రం, కూర్చోబెట్టే మనిషి లేక ఆగిపోయింది. నీరుగంటి పోయినప్పుడు జరిగిందీ ఇదే. అందుకే శిక్షణకు ఎందరు వచ్చారన్న రిజిస్టరు చూసి ఊరు నేర్చుకుందని తీర్పు చెప్పడం నాకు మింగుడుపడదు. పథకం ముగిసిన మూడో ఏడు, వాన తక్కువ పడిన అక్టోబరులో వెళ్లి టేపు ఎవరి దగ్గరుందో అడగాలి. ఎవరెవరు వరి మానుకున్నారో, ఎందుకు మానుకున్నారో అడగాలి. ఆడవాళ్లను విడిగా అడగాలి. ఎందుకంటే బోరు ఎండితే తాగునీళ్ల బిందె బరువు మొదట తెలిసేది వాళ్లకే.

2020లో అమలుకొచ్చిన కేంద్ర ప్రభుత్వ పథకం అటల్ భూజల్ యోజనలో ఇదే నీటి బడ్జెట్ ఉంది, భూగర్భ జలం అంకెలను జనం ముందు పెట్టాలన్న షరతూ ఉంది. గుజరాత్, హర్యానా, కర్ణాటక, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో దాన్ని అమలు చేశారు. ఆ లెక్కను గోడలమీద రాసి చూపించిన మన రెండు రాష్ట్రాలు ఆ ఏడింటిలో లేవు.