లోకసభలో పెద్దరికపు లెక్క: నల్లగొండ, పాలమూరు సభ్యుల చరిత్ర

సభలు జరుపువారికి గల చిక్కులలో ఆసనముల వరుస నిర్ణయించుట యొకటి. ధనసహాయ మొనర్చిన పోషకులు, వయసున పెద్దలు, పూర్వపు మహాసభలకు అధ్యక్షత వహించినవారు, వీరిలో ముందెవరు, వెనుకెవరు అను తర్కము వేదిక కట్టిననాడే పుట్టును. మన పల్లెలలో ఈ తర్కము మఱింత పాతది. పెండ్లి పందిట మొదటి తాంబూలము, చావడిలో కూర్చుండు చోటు, బావివద్ద నీరు తోడుకొను వరుస, ఇవన్నియు పుట్టుకను బట్టియే నడచుచుండెను. హైదరాబాదు దర్బారులోనో, పాయెగా ప్రభువులు, ఉమరాలు, సంస్థానాధీశులు తమతమ అంతస్తును బట్టి నిలిచి నజరు సమర్పించుచుండిరి. అట్టి దేశమునుండి 1952లో ప్రజలు తమ ప్రతినిధులను ఢిల్లీకి పంపినపుడు అచ్చటి పెద్దరికపు లెక్క వేఱొక తీరుగా నుండుట కనుగొనిరి. కచేరీ భాషలో సీనియారిటీ యనబడు ఆ లెక్కకు మన రెండు జిల్లాల చరిత్రయే చక్కని వ్యాఖ్యానము. కావున సంఘీయుల యెదుట దానిని విన్నవించుచున్నాను.

భారత రాజ్యాంగమును మొదటినుండి తుదివఱకు వెదకినను సభ్యులలో జ్యేష్ఠుడెవడో తెలుపు వాక్యము కానరాదు. సభాపతి, ఉపసభాపతి స్థానములు రెండును ఖాళీగా నున్నపుడు రాష్ట్రపతి యొక సభ్యుని ఆ విధులకు నియమింపవలెనని 95వ అధికరణము చెప్పుచున్నది గాని, ఆ సభ్యుడు అనుభవమున మిన్నయై యుండవలెనని చెప్పలేదు. ప్రతి సభ్యుడును తన ఆసనమున కూర్చుండుటకు ముందు ప్రమాణము చేయవలెనని 99వ అధికరణము విధించినది. ఎవరు ముందు చేయవలెనో విధింపలేదు. ఆసనముల యేర్పాటు సభాపతికి వదలివేయబడినది. రాష్ట్రపతి కార్యాలయమువారి మర్యాదల పట్టికలో పార్లమెంటు సభ్యులందఱును 21వ వరుసలో ఒక్కటిగా నుందురు. చట్టము దృష్టిలో నిన్న వచ్చినవాడును, నలువది యేండ్లు గడపినవాడును సములే.

ఆచారము వేఱు. కొత్త లోకసభ తొలిసారి కూడుటకు సరిగా ముందు పాత సభాపతి పదవి ముగియును. కొత్త సభాపతి యెన్నిక అప్పటికి జరిగియుండదు. ఆ నడుమ సభ్యులచే ప్రమాణము చేయించుటకు తాత్కాలిక సభాపతి యొకడు కావలెను. సభలో మిక్కిలి పాతవానికి ఆ పీఠ మిచ్చుట వాడుక. ఎన్ని లోకసభలలో సభ్యుడై యుండెనను లెక్కయే అచ్చట ప్రమాణము. వంశమును, విద్యను, వయసును ఆ లెక్కలో చేర్పరు. వచ్చిన వోట్ల సంఖ్యను గూడ చేర్పరు.

వోట్ల మాట యెందుకు తెచ్చితిననగా, దీనినిగూర్చి నల్లగొండవారికి కొంత గర్వము కలదు. తొలి సాధారణ ఎన్నికలలో భువనగిరి తాలూకా బొల్లేపల్లి గ్రామమున జన్మించిన శ్రీ రావి నారాయణరెడ్డిగారు నల్లగొండనుండి 3,09,162 వోట్లతో లోకసభ కెన్నికైరి. పండిత జవాహర్‌లాల్ నెహ్రూగారికి వచ్చిన వోట్లు 2,33,571. హైదరాబాదు రాష్ట్రమున కమ్యూనిస్టు పార్టీపై నిషేధముండుటచే రెడ్డిగారు పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంటు పేర పోటీ చేసిరి. దేశమున కెల్ల అధికముగా వోట్లు పొందినందున పార్లమెంటు భవనమున ప్రథమ ప్రవేశ గౌరవము ఆయనకే దక్కినదని మన జిల్లాలో నేటికిని చెప్పుకొందురు. ఆ మాట ప్రజల ప్రేమను తెలుపును. సభా నియమములలో మాత్రము వోట్ల సంఖ్యకు పెద్దరికము లేదు. 1952 మే 13వ తేదీన సభ కూడిననాడు, పూర్వము రాజ్యాంగసభలోను, తాత్కాలిక పార్లమెంటులోను కూర్చుండినవారి యెదుట మూడు లక్షల వోట్ల నాయకుడును కొత్తవాడే.

ఆనాటి నల్లగొండ ద్విసభ్య నియోజకవర్గము. ఒకే ప్రాంతమునుండి ఇద్దఱు సభ్యులు ఎన్నికగుదురు. అందొక స్థానము షెడ్యూల్డు కులములవారికి ప్రత్యేకింపబడెను. ప్రతి వోటరుకును రెండు వోట్లుండెను. ఆ ప్రత్యేక స్థానమునుండి అదే ఫ్రంటు పక్షమున శ్రీ సుంకం అచ్చాలుగారు గెలిచిరి. ఒకరు అగ్రకులపు భూస్వామి కుటుంబమున పుట్టి, 1941లో చిలుకూరు ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించిన ప్రసిద్ధ నాయకుడు. మఱొకరు ఊరి చావడిలో కూర్చుండుటకే అనుమతి లేని కులములవారి ప్రతినిధి. పెద్దరికపు లెక్కలో ఇద్దఱికిని వెండ్రుకవాసి భేదము లేదు. ఒకే ఎన్నిక, ఒకే సభ, ఒకే నియోజకవర్గము.

పాలమూరు కథ ఇంతకంటెను విచిత్రము. మహబూబునగరమును ద్విసభ్య నియోజకవర్గమే. 1952లో అచ్చటనుండి కాంగ్రెసు పక్షమున శ్రీ కె. జనార్దనరెడ్డిగారును, ప్రత్యేక స్థానమున శ్రీ పులిజాల రామస్వామిగారును ఎన్నికైరి. 1957లో రామస్వామిగారు మరల గెలిచిరి. రెండవ స్థానమున ఆయనతోడ గెలిచినవారు శ్రీ జె. రామేశ్వరరావుగారు, వనపర్తి సంస్థానపు రాజావారు.

ఈ సంగతిని మన పాఠకులు ఒకింత నిలిచి ఆలోచింపవలెనని కోరెదను. గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత సంస్థానములు పాలమూరు జిల్లాలో తరతరములు ఏలుబడి సాగించినవి. వనపర్తి రాజులకు కోటయు, సేనయు నుండినవి. జాగీర్ల రద్దు 1949లో జరిగినది. దానికిని 1957 ఎన్నికకును నడుమ ఎనిమిదేండ్లు మాత్రమే. సంస్థానపు రోజులు చూచినవారు వేలకొలదిగా వోటర్లలో నుండిరి. వారు తమ రెండు వోట్లను వేసి పంపిన ఇద్దఱిలో షెడ్యూల్డు కులముల సభ్యుడు అయిదేండ్ల అనుభవము గలవాడు, రాజావారు కొత్తవారు. లోకసభ లెక్కలో రామస్వామిగారు జ్యేష్ఠులు, రామేశ్వరరావుగారు కనిష్ఠులు. ఇందుకై చట్ట మేదియు చేయవలసి రాలేదు. ఎవరును ఎవరిని దించలేదు. క్యాలెండరు తిరిగినది, అంతే.

రాజావారును ఆ వరుసనే అనుసరించి పెద్దవారైరి. విదేశాంగ శాఖలో ఉద్యోగము చేసి వచ్చిన ఆయన రెండవ లోకసభ మొదలు ఆఱవ లోకసభ వఱకు, అనగా 1957 నుండి 1979లో సభ రద్దగువఱకు, ఎడతెగక అయిదు సభలలో సభ్యులై యుండిరి. వంశము వలన రాని పెద్దరికము వరుసగా గెలుచుటవలన వచ్చినది. వనపర్తి రాజభవనమున 1959 మొదలు పాలిటెక్నిక్ విద్యాలయము నడచినది. ద్విసభ్య నియోజకవర్గములు 1961 చట్టముతో రద్దయ్యెను. రాజును, రైతుకూలీల ప్రతినిధియు జంటగా ఒక నియోజకవర్గమునుండి పోవు దృశ్యము మరల కానరాదయ్యెను.

ఇంతవఱకు లెక్క సులువు. ఎడతెగక గెలిచినవానికి ఎన్ని సభలో చెప్పుట బాలునికైన వచ్చును. నడుమ ఓడినవాని సంగతియే చిక్కు.

మాడుగుల ప్రాంతపు శ్రీ సూదిని జైపాల్‌రెడ్డిగారి చరిత్ర చూడుడు. కల్వకుర్తినుండి 1969 మొదలు 1984 వఱకు రాష్ట్ర శాసనసభలో నాలుగు పర్యాయములు సభ్యులు. ఆ పదునైదేండ్లును ఢిల్లీ లెక్కకు సున్న. 1984లో మహబూబునగరమునుండి తొలిసారి లోకసభకు వచ్చిరి. పిమ్మట రాజ్యసభకు పోయి 1991-92లో అచ్చట ప్రతిపక్ష నాయకులైరి. 1998లో మరల మహబూబునగరము, 1999, 2004లలో మిర్యాలగూడ, 2009లో చేవెళ్ల. మొత్తము లోకసభలు అయిదు. రామేశ్వరరావుగారివియు అయిదే. ఒకరివి వరుస అయిదు, మఱొకరివి తెగిన అయిదు, నడుమ రాజ్యసభ యేండ్లు. ఇరువురును ఒకే సభలో నుండియుండినచో పీఠ మెవరికి? లోకసభల సంఖ్యను మాత్రమే చూచినచో సమానము. ఎడతెగని సేవను చూచినచో రాజావారు. రాజ్యసభ కాలము కలిపినచో జైపాల్‌రెడ్డిగారు. వీరిద్దఱిని మించినవారు శ్రీ మల్లికార్జున్‌గారు. 1971, 1977లలో మెదకునుండి, 1980, 1989, 1991, 1996లలో మహబూబునగరమునుండి మొత్తము ఆఱుమారులు గెలిచిరి. ఎనిమిదవ లోకసభ యొక్కటి నడుమ తప్పినది.

ఈ చిక్కు ఊహాజనితము కాదు. 2024 జూనులో పదునెనిమిదవ లోకసభ కూడుటకు ముందు ఇదే తగవు దేశమంతట చెలరేగెను. కేరళకు చెందిన శ్రీ కొడికున్నిల్ సురేశ్‌గారు ఎనిమిదిమారులు గెలిచినవారు. 1998, 2004లలో ఓడిరి. ఒడిశాకు చెందిన శ్రీ భర్తృహరి మహతాబ్‌గారు 1998 మొదలు వరుసగా ఏడుమారులు గెలిచినవారు. పీఠము మహతాబ్‌గారికి దక్కెను. సురేశ్‌గారు దళితులగుట చేత విమర్శ మఱింత తీవ్రమయ్యెను. ఎడతెగని సేవయే ప్రమాణమని ప్రభుత్వపక్షమువారు చెప్పిరి. కాని 2014లో తొమ్మిదిమారులు గెలిచిన శ్రీ కమల్‌నాథ్‌గారికి ఆ పీఠ మిచ్చినపుడు, ఆయన పదునొకండవ లోకసభలో లేకుండుట అడ్డు రాలేదు. అంతకు ముందు 1989లో మన తెలుగువారగు ఆచార్య ఎన్.జి. రంగాగారు తాత్కాలిక సభాపతులైరి. 1930లో కేంద్ర శాసనసభ ప్రవేశించిన ఆ మహనీయుని సేవయు నడుమ తెగినదే. ఆచారము మంచిదే గాని, వ్రాతలో లేని ఆచారమును బలవంతుడు తనకు వలసిన వైపు త్రిప్పుకొనును. నా మట్టుకు మొత్తము సభల సంఖ్యయే న్యాయమని తోచుచున్నది. ఓడి మరల గెలిచినవాని అనుభవము ఓటమితో చెరిగిపోదు గదా.

ఇంగ్లండులో ఈ సందేహమునకు చోటు లేదు. కామన్సు సభలో ఎడతెగని సేవ దీర్ఘముగా గలవానినే సభాపితయందురు. ఒకేనాడు ఎన్నికైనవారిలో ముందు ప్రమాణము చేసినవాడు పెద్ద. 2024లో సర్ ఎడ్వర్డు లీగారికి ఆ గౌరవ మిట్లే వచ్చినది. ఆయనతోపాటు 1983లోనే తొలిసారి గెలిచిన జెరమీ కార్బిన్‌గారు ప్రమాణమున వెనుకబడిరి. అమెరికా సెనేటులో ఒకేనాడు ప్రవేశించినవారికి పూర్వపదవులు చూచి, అదియు తెగనిచో రాష్ట్ర జనసంఖ్యను సైతము లెక్కింతురు. అచ్చట ఉపసంఘముల అధ్యక్షపదవులే సీనియారిటీని బట్టి నడచును గనుక లెక్క అంత సూక్ష్మము. మనదేశమున ఉపసంఘాధ్యక్షులను సభాపతి నియమించును. పెద్దరికము సిఫారసు వంటిది మాత్రమే.

వినోదమేమన, మన ఖజానావారికి మాత్రము ఈ తగవు లేదు. మాజీ సభ్యుల పింఛను లెక్కలో లోకసభ, రాజ్యసభ కాలములు రెండును చేరును. వరుసగా నుండవలెనను నియమము లేదు. 2023 ఏప్రిలు నుండి నెలకు 31,000 రూపాయలు, అయిదేండ్లకు మించిన ప్రతి యేటికి మఱి 2,500 రూపాయలు. ధనము విషయమున విశాలమైన దృష్టి, పీఠము విషయమున సంకుచితమయ్యెను.

ఇక సభ్యునికి పెద్దరిక మిచ్చునది వోటరే గదా. ఈ విషయమున నల్లగొండ స్వభావము పాలమూరుకు విరుద్ధము. 1952 మొదలు 1989 వఱకు జరిగిన తొమ్మిది సాధారణ ఎన్నికలలో నల్లగొండ నియోజకవర్గము ఏ సభ్యునిని వెంటవెంట రెండుమారులు పంపలేదు. రావి నారాయణరెడ్డిగారు సైతము 1952లో గెలిచి, మరల 1962లోనే వచ్చిరి. మిర్యాలగూడలో శ్రీ భీమిరెడ్డి నర్సింహారెడ్డిగారు 1971, 1984, 1991లలో మూడుమారులు గెలిచిరి గాని ఏ రెండును వరుసవి కావు. నల్లగొండ వాడుకను తప్పించినవారు శ్రీ బొమ్మగాని ధర్మభిక్షముగారు. 1991లోను, 1996లోను గెలిచిరి. ఆ 1996 ఎన్నికయే 480 మంది అభ్యర్థులతో దేశప్రసిద్ధమైనది. ఫ్లోరైడు నీటివలన ఎముకలు వంగిన పల్లెలు తమ గోడు వినిపించుటకై నామినేషన్లు వేయగా, వోటుపత్రము పుస్తకమంత అచ్చు వేయవలసి వచ్చెను. ఏండ్లకొలది సభ్యులను మార్చి చూచియు నీరు రాని జనులు, ఆ యేట తామే అభ్యర్థులైరి.

2024లో ఈ రెండు పూర్వ జిల్లాల నాలుగు స్థానములనుండి వచ్చినవారిలో నల్లగొండ సభ్యులు శ్రీ కుందూరు రఘువీర్‌రెడ్డిగారు, భువనగిరి సభ్యులు శ్రీ చామల కిరణ్‌కుమార్‌రెడ్డిగారు, మహబూబునగరము సభ్యురాలు శ్రీమతి డి.కె. అరుణగారు, ముగ్గురును లోకసభకు తొలిసారి వచ్చినవారే. అరుణగారు రాష్ట్రమున మంత్రిపదవి నిర్వహించినవారైనను ఢిల్లీ లెక్కలో కొత్తవారు. ప్రత్యేక స్థానమగు నాగరుకర్నూలునుండి వచ్చిన శ్రీ మల్లు రవిగారు 1991, 1998లలో గెలిచి, ఇరువదియాఱేండ్ల పిమ్మట మూడవమారు సభలో అడుగిడిరి. నలుగురిలో జ్యేష్ఠులు ఆయనయే.