వద్దనగలిగిన బౌలర్

1929 జూన్‌లో లార్డ్స్‌లో లాంకషైర్‌తో మ్యాచ్ మొదలయ్యే సమయానికి మిడిల్‌సెక్స్ ఫాస్ట్ బౌలర్ ఒకడు మైదానానికే చేరలేదు. ఉద్యోగంలో పని చూసుకుని ఆలస్యంగా వచ్చాడు. కొత్త బంతి అప్పటికే వేరేవాళ్లకు వెళ్లిపోయింది. అయినా 40 పరుగులిచ్చి పదికి పది వికెట్లూ అతనే తీశాడు. పేరు జి.ఓ. అలెన్. క్రికెట్ లోకానికి ‘గబ్బీ’ అలెన్.

అలా ఆలస్యంగా రాగలగడమే అతని హోదా ఏమిటో చెబుతుంది. 1902లో సిడ్నీలో పుట్టి, చిన్నతనంలోనే ఇంగ్లండ్ చేరి, ఈటన్‌లోనూ కేంబ్రిడ్జ్‌లోనూ చదివిన అలెన్ అమెచ్యూర్. అంటే ఆటకు జీతం తీసుకోడు. తీరిక దొరికినప్పుడే ఆడతాడు. కూలి తీసుకుని ఆడే ప్రొఫెషనల్‌కు సీజనంతా మైదానమే బతుకుతెరువు. ఇద్దరూ ఒకే జట్టువాళ్లే అయినా డ్రెస్సింగ్ రూములు వేరు, మైదానంలోకి దిగే గేట్లు వేరు. స్కోరుకార్డు మీద అమెచ్యూర్ పేరుకు ముందు ఇనీషియల్స్ వేసేవారు, ప్రొఫెషనల్‌కైతే పేరు తర్వాత. ఆ రోజుల్లో ఇంగ్లండ్ కెప్టెన్సీ కూడా అమెచ్యూర్లకే దక్కేది.

ఈ తేడా అసలు రూపం 1932–33 ఆస్ట్రేలియా పర్యటనలో బయటపడింది. ఆస్ట్రేలియా బ్యాటర్ బ్రాడ్‌మన్‌ను ఆపడానికి ఇంగ్లండ్ కెప్టెన్ డగ్లస్ జార్డిన్ లెగ్‌సైడ్ ఫీల్డర్లను గుంపుగా మోహరించి, బ్యాటర్ ఒంటి మీదికి బంతులు వేయించాడు. అదే బాడీలైన్. అలెన్ మాత్రం అలా వేయనని జార్డిన్ ముఖం మీదే చెప్పేశాడు. అయినా జట్టులో అతని చోటు పోలేదు. మామూలు ఫాస్ట్ బౌలింగ్‌తోనే 21 వికెట్లు తీశాడు.

ఆ కాదనడాన్ని నేను తక్కువ చేయను. కెప్టెన్‌కు ఎదురు చెప్పడం ఏ ఆటగాడికైనా కష్టమే. కానీ అదే మాట నాటింగ్‌హామ్‌షైర్ బొగ్గుగనుల నుంచి వచ్చిన హెరాల్డ్ లార్‌వుడ్ అనగలిగేవాడా? అతను చెప్పినట్టు వేశాడు, 33 వికెట్లు తీశాడు. తర్వాత దుమారం రేగితే క్షమాపణ చెప్పమన్నది అతన్నే. కెప్టెన్ ఆజ్ఞ పాటించినందుకు క్షమాపణేమిటని లార్‌వుడ్ ఒప్పుకోలేదు. మళ్లీ ఇంగ్లండ్‌కు ఆడలేదు. అలెన్ ఆ పర్యటన నుంచి ఇంటికి రాసిన ఉత్తరాల్లో జార్డిన్‌ను ఎంత తిట్టాడో, లార్‌వుడ్‌నూ అతని జోడీ బిల్ వోస్‌నూ చదువులేని గనికార్మికులని అంత చులకన చేశాడు. బాడీలైన్‌ను అసహ్యించుకున్న ఆ మనిషే దాన్ని వేయక తప్పనివాళ్ల పక్షాన మాత్రం నిలబడలేకపోయాడు.

1936లో భారత జట్టు వచ్చేసరికి ఇంగ్లండ్ కెప్టెన్ అలెనే. మన కెప్టెన్ విజయనగరం మహారాజకుమార్ ‘విజ్జీ’. ఆటకన్నా హోదా వల్ల ఆ పదవి దక్కినవాడు. మొదటి టెస్టుకు ముందే ఆల్‌రౌండర్ లాలా అమర్‌నాథ్‌ను ఇంటికి పంపించేసిన జట్టది. లార్డ్స్‌లో అలెన్ 35 పరుగులకు ఐదు, 43 పరుగులకు ఐదు వికెట్లు తీశాడు. ఓవల్ టెస్టులో మాత్రం అతనికి ఎదురు నిలిచింది నాగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబం బిడ్డ కొట్టారి కనకయ్య నాయుడు. వయసు నలభై, ఆడుతున్నది చివరి టెస్టు. అలెన్ బంతి ఒంటికి బలంగా తగిలి విలవిల్లాడినా బ్యాట్ వదల్లేదు, 81 పరుగులు చేశాడు. ఆ ఇన్నింగ్స్‌లో అలెన్‌కు ఏడు వికెట్లు దక్కాయి కానీ, నాకు ఎక్కువ గౌరవం నాయుడు మీదే.

ఆ శీతాకాలం ఆస్ట్రేలియాలో అలెన్ జట్టు మొదటి రెండు టెస్టులూ గెలిచి, బ్రాడ్‌మన్ విజృంభణతో చివరి మూడూ ఓడింది. 45 ఏళ్ల వయసులో వెస్టిండీస్ పర్యటనకు మళ్లీ ఇంగ్లండ్ కెప్టెన్‌గా వెళ్లాడు. సెలెక్టర్ల చైర్మన్‌గా, ఎం.సి.సి. (మెరిల్‌బోన్ క్రికెట్ క్లబ్) కోశాధికారిగా దశాబ్దాలపాటు ఇంగ్లిష్ క్రికెట్‌ను శాసించాడు. అమెచ్యూర్–ప్రొఫెషనల్ విభజన 1962లో రద్దయినా అతని పలుకుబడి తగ్గలేదు. సిడ్నీలో పుట్టిన అలెన్ లార్డ్స్ పక్కనే స్థిరపడితే, లార్‌వుడ్ 1950లో ఇంగ్లండ్ వదిలి సిడ్నీకి వలసపోయాడు. ఒకప్పుడు తనను ఛీకొట్టిన జనమే అక్కడ అతన్ని ఆదరించారు. అలెన్‌కు 1986లో సర్ బిరుదు వచ్చింది. లార్‌వుడ్‌కు అంతకన్నా చిన్నదైన ఎం.బి.ఇ. గౌరవం అందేసరికి 1993 వచ్చింది, అతనికి 88 ఏళ్లు నిండాయి.