ఇల్లు లేనివాడి పేరు మీద

కృష్ణా జిల్లా హనుమాన్ జంక్షన్ కూడలిలో కాసేపు నిలబడితే ఈ ప్రాంతం దేని మీద బతుకుతుందో తెలిసిపోతుంది. నూజివీడు రోడ్డు నుంచి మామిడికాయల లోడ్లు, గుడివాడ రోడ్డు నుంచి ఐసు నీళ్లు కారుస్తూ చేపల వ్యాన్లు, హైవే మీద బెజవాడకో ఏలూరుకో తెగని వరస. ఈ రాకపోకల మీద బతికే టైర్ల షాపు వాళ్లకు, టిఫిన్ హోటళ్ల వాళ్లకు, ఒక్క లారీతో నెట్టుకొచ్చేవాళ్లకు రాబడి ఉంది, జీతం స్లిప్పు లేదు. ఇంటి లోనుకు బ్యాంకుకు వెళితే ఐటీ రిటర్నులు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ప్లాను అడుగుతారు. స్థలం గ్రామకంఠమైతే తరచూ లాయరు దగ్గరే ఫైలు ఆగిపోతుంది. అప్పుడు మిగిలే దారి హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ. వడ్డీ ఎక్కువైనా, ‘ఇస్తాం’ అన్న మాట కోసం వెళతారు.

ఆ మాట అనడానికే పుట్టిన కంపెనీ ఒకటి ఉండేది. పేరు దివాన్ హౌసింగ్ ఫైనాన్స్, అందరూ డీహెచ్‌ఎఫ్‌ఎల్ అనేవారు. 1984లో బొంబాయిలో రాజేశ్ కుమార్ వాధవాన్ పెట్టారు. బ్యాంకులు గుమ్మం దగ్గరే తిప్పి పంపే చిన్న ఊళ్ల వాళ్లకు, చిన్న రాబడి వాళ్లకు ఇంటి అప్పు ఇవ్వడం దాని ఉద్దేశం. మంచి ఉద్దేశం. ఈ కథలో నన్ను ఎక్కువ బాధపెట్టేది కూడా అదే. 2000లో తండ్రి పోయాక పెద్దకొడుకు కపిల్ వాధవాన్ చేతికి పగ్గాలు వచ్చాయి. కంపెనీ లక్ష కోట్ల స్థాయికి ఎదిగింది. ప్రకటనల్లో షారుఖ్ ఖాన్ నిలబడ్డాడు.

హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీకి బ్యాంకులా సేవింగ్స్ ఖాతాల డబ్బు ఉండదు. బ్యాంకుల దగ్గర, మ్యూచువల్ ఫండ్ల దగ్గర అప్పు తెచ్చి మనకు అప్పిస్తుంది. కొన్ని నెలల్లో తీర్చాల్సిన బాకీ తెచ్చి ఇరవై ఏళ్ల లోనుగా ఇచ్చినప్పుడు, మళ్లీ మళ్లీ కొత్త బాకీ పుడుతున్నంత కాలమే బండి నడుస్తుంది. 2018 సెప్టెంబరులో పెద్ద ఫైనాన్స్ సంస్థ ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ బాకీలు ఎగ్గొట్టడంతో బజారంతా బెదిరింది. ఆ నెల 21న ఒక మ్యూచువల్ ఫండ్ తన దగ్గరున్న డీహెచ్‌ఎఫ్‌ఎల్ పత్రాలను తక్కువ ధరకు అమ్ముకుందన్న వార్త రాగానే షేరు ఒక్కరోజులో 40 శాతానికి పైగా కూలింది. కొత్త అప్పు పుట్టడం మానేసింది. 2019 జనవరిలో వార్తా వెబ్‌సైటు కోబ్రాపోస్ట్ 31 వేల కోట్ల మళ్లింపు జరిగిందని ఆరోపించింది. జూన్‌లో కంపెనీ వడ్డీ కట్టలేక వాయిదా తప్పింది. నవంబరు 20న రిజర్వు బ్యాంకు డైరెక్టర్ల బోర్డును రద్దు చేసి, ఆర్. సుబ్రమణియకుమార్‌ను అడ్మినిస్ట్రేటరుగా కూర్చోబెట్టింది. దివాలా చట్టం కింద ట్రిబ్యునల్ మెట్లెక్కిన మొదటి ఆర్థిక సంస్థ అదే.

బాకీలు తీర్చలేక పడిపోయిన కంపెనీలు చాలా ఉన్నాయి. ఇక్కడ అంతకంటే చేదైనది 2021 మార్చిలో సీబీఐ పెట్టిన కేసులో ఉంది. ఆ కేసు ప్రకారం, కాగితాల మీద తప్ప ఎక్కడా లేని ఒక బాంద్రా బ్రాంచిలో 2 లక్షల 60 వేల దొంగ ఇంటి లోన్లు రాశారు. ఎప్పుడో అప్పు తీర్చేసుకున్నవాళ్ల పేర్లే అందుకు వాడారు. 14 వేల కోట్ల రూపాయలకు పైగా అలా పుస్తకాలకెక్కింది. పేదల ఇళ్లకు ప్రధానమంత్రి ఆవాస్ యోజన ఇచ్చే వడ్డీ రాయితీని కూడా ఆ లేని ఇళ్ల మీద అడిగారన్నది అభియోగం. ఏ మనిషికి ఇల్లు కట్టిస్తామని కంపెనీ పుట్టిందో ఆ మనిషి పేరునే ముసుగు చేసుకున్నారు. పైసా పైసా కూడబెట్టి ఆఖరి ఈఎంఐ కట్టి, కాగితాలు తెచ్చుకుని, దేవుడికి కొబ్బరికాయ కొట్టినవాడి పేరు ఇంకో పుస్తకంలో బాకీదారుగా మిగిలిపోవడం కంటే పెద్ద అవమానం నాకు తోచడం లేదు.

కృష్ణా జిల్లాకు సొంత బ్యాంకు ఉండేది. 1923 నవంబరులో భోగరాజు పట్టాభి సీతారామయ్య బందరులో తెరిచిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ఆ యూనియన్ బ్యాంకే 17 బ్యాంకుల తరఫున ఫిర్యాదు చేస్తే 2022 జూన్‌లో సీబీఐ వాధవాన్‌ల మీద 34,615 కోట్ల మోసం కేసు నమోదు చేసింది. అప్పిచ్చేవాణ్ణి మనం ఒక్కసారే ఎంచుకుంటాం. తర్వాత వాడు చేతులు మారినా, పేరు మారినా మనల్ని అడిగేవాళ్లుండరు. వడ్డీ పావలా తక్కువా అర్ధరూపాయి తక్కువా అని లెక్కలేసే మనం, ఆ అప్పు ఇచ్చేవాడు ఎవరి దగ్గర అప్పు తెస్తున్నాడో ఎప్పుడైనా అడిగామా? బ్యాంకు ఇచ్చే కొత్త ఫ్లోటింగ్ లోను వడ్డీ 2019 అక్టోబరు నుంచి రెపో లాంటి బయటి రేటుకు కట్టుబడాలి. ఫైనాన్స్ కంపెనీకి ఆ నిర్బంధం లేదు, తన రేటు తనే పెట్టుకుంటుంది. బ్యాంకు డిపాజిట్‌కు 5 లక్షల దాకా బీమా ఉంది, హౌసింగ్ కంపెనీ డిపాజిట్‌కు లేదు.

డీహెచ్‌ఎఫ్‌ఎల్ డిపాజిటర్లు కుంగిపోయింది అక్కడే. రిటైరయ్యాక వచ్చిన డబ్బును అర శాతం ఎక్కువకు ఆశపడి దాచుకున్నవాళ్లున్నారు. ఉత్తరప్రదేశ్ కరెంటు ఉద్యోగుల భవిష్యనిధి సొమ్మే 2,200 కోట్లకు పైగా ఇరుక్కుపోయింది. దాదాపు 87 వేల కోట్ల బాకీలున్న కంపెనీని 2021 సెప్టెంబరు నెలాఖరుకు పిరమల్ గ్రూపు 34,250 కోట్లకు తీసుకుంది. పెద్ద మొత్తాలు దాచుకున్న డిపాజిటర్లకు రూపాయిలో పావలా కూడా దక్కలేదు. షేర్లున్నవాళ్లకు ఏమీ లేదు. ఇల్లు కట్టుకున్నవాళ్ల అప్పు మాత్రం చెక్కు చెదరలేదు. వాళ్ల ఈఎంఐలే కొన్నవారికి ఆస్తి, వాళ్ల దస్తావేజులే తాకట్టు.

మళ్లించారంటున్న వేల కోట్లు రేపు ఎప్పుడైనా తిరిగొస్తే అవి ఎవరివి? ఆ సొమ్ము రాబట్టుకునే హక్కుకు పరిష్కార ప్రణాళికలో కట్టిన విలువ ఒక్క రూపాయి. వచ్చిన సొమ్ము కొన్న కంపెనీకే చెందాలని రాసుకున్నారు. దీన్ని మళ్లీ చూడమని 2022 జనవరిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ చెప్పింది. 2025 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనబెట్టి, ఒక్క రూపాయినే ఖాయం చేసింది.