సైనికుని గుండెదడ

అమెరికా అంతర్యుద్ధకాలమున (1861–65) గుండెదడతో, ఆయాసముతో ఫిలడెల్ఫియా వైద్యశాల చేరిన సైనికులను డా కోస్టా అను వైద్యుడు పరీక్షించెను. మున్నూరుగురికి మించిన రోగులను చూచి, 1871లో ఆ వ్యాధిని వర్ణించెను. ఆయన దృష్టి గుండెమీదనే నిలిచెను. నేడు వైద్యులు పానిక్ అను ఆకస్మిక భయావేశము వారిలో కొందరికైనను ఉండెనని నా తలంపు. ప్రాణము పోవుచున్నదన్నట్లు కొన్ని నిమిషములు మనుష్యుని ఊపివైచు ఆ బాధను పిరికితన మనుటకు నాకు నోరు రాదు.

1964లో న్యూయార్కు వైద్యుడు క్లైన్, ఇమిప్రమీన్ అను ఔషధముతో ఈ భయావేశములు తగ్గుచున్నవని ప్రకటించెను. అవి మరల వచ్చునను దిగులు మాత్రము వెంటనే పోలేదు. ఆ మందు మెదడులోని సెరటోనిన్, నారడ్రినలిన్ అను రసాయనములపై పనిచేయును. దానితో వైద్యుల చూపు మెదడువైపు మరలెను.

మరి ఇది వంశమున దిగునా? కవలలను పరిశీలింపగా, మనుష్యునకు మనుష్యునకు గల తేడాలో నూటికి సుమారు 40 పాళ్లు జన్యుభేదములవలననని తేలినది. ఒక్క జన్యువు కారణము కాదు. పెక్కింటి స్వల్పభేదములు కూడవలెను. అవి మెదడు రసాయనములను ఎట్లు మార్చునో పరిశోధకు లింకను వెదకుచున్నారు. సంబంధము కలుపుకొనునప్పుడు "వారింట ఆ జబ్బున్నద"ని వెనుదీయు పెద్దలను నేనెరుగుదును. ఒకే పిండమునుండి విడివడిన కవలలలోనే ఒకరికి వచ్చి రెండవవారికి రాకుండుట కలదు.